మంచు కర్రకు కొక్కెం

దుబాయ్‌లో నేను చేసిన ఒకే ఒక్క దొంగతనం రేగుపళ్ళది. దానికి వాడిన సామాను మా మేడం గారి మంచు కర్ర. రెండూ ఒకే పూట బయటపడ్డాయి.

జెబెల్ అలీలో ఓడరేవు కోసం రాత్రింబవళ్ళు తవ్వుతున్న రోజులవి. మా సారు అక్కడ ఇంజనీరు. ఆయనా, మేడమూ మంచు కొండల దేశం వాళ్ళు. ఇల్లు జుమైరాలో, సముద్రం చప్పుడు వినిపించేంత దూరంలో. పిల్లలు లేరు. సారు శనివారం పొద్దున్నే జీపులో సైటుకి వెళ్తే మళ్ళీ గురువారం మధ్యాహ్నమే రావడం. మిగతా రోజులు ఇంట్లో మేడం, నేను. వంట, ఉతుకు, ఇస్త్రీ, తుడుపు అన్నీ నావే. గోదావరి పక్క పల్లె నుంచి ఇంగ్లీషు ముక్క రాకుండా, సంచీలో ఆవకాయ జాడీతో దిగినదాన్ని. మొదటి రెండు నెలలూ దేనికైనా "ఎస్ మేడం" ఒక్కటే జవాబు. తర్వాత మా ఇద్దరికీ ఒక భాష తయారైంది. సగం ఇంగ్లీషు, పావు హిందీ, మిగతాది చేతులూ కళ్ళూ. ఇక్కడ ఆవిడ మాటలు తెలుగులోనే రాస్తున్నాను. నాకు వినిపించింది అలాగే.

స్టోరు గదిలో దుప్పటి చుట్టిన మూట ఒకటి ఉండేది. ఓ రోజు దులుపుదామని విప్పితే, కొసలు పైకి లేచిన రెండు పొడుగాటి చెక్కలూ ఒక కర్రా బయటపడ్డాయి. కర్రంటే తళతళలాడే సన్నటి గొట్టం, చేతిలో బరువే ఉండదు. ఒక చివర పిడి, పిడికి తోలు ఉచ్చు. రెండో చివర ఇనప ముల్లు, ముల్లుకి కాస్త పైన తోలు పట్టీలు అల్లిన చిన్న చక్రం. దీని జత కర్రని మేడం ఊతంగా పట్టుకుని నడిచేది. ఇసుకలో వేసినా అది దిగబడేది కాదు, చక్రం ఆపేది.

మా వైపు దోటి లేని ఇల్లుండదు. పొడుగాటి వెదురు గడ, కొసన ఇనప కొక్కెం. మునక్కాయలైనా మామిడికాయలైనా చెట్టెక్కే పని లేకుండా దోటితో లాగేస్తాం. ఆ కర్ర చూడగానే నాకు అనుమానమే కలగలేదు. ఇది వీళ్ళ దేశం దోటి. కొక్కెం ఎక్కడో ఊడిపోయింది. చక్రం ఎందుకంటే, కాయ తెగి మొహాన పడకుండా అడ్డు. అబ్బ, ఎంత తెలివైన వాళ్ళో అని ముచ్చటపడ్డాను కూడా. ఇంకా ఘోరం ఏంటంటే, పాపం ఈవిడకి సరైన ఊతకర్ర దొరక్క దోటి పట్టుకుని నడుస్తోందని ఆ రోజు నుంచీ జాలిపడ్డాను.

పక్కింటి అరబ్బుల పెరట్లో రేగు చెట్టు. వాళ్ళు దాన్ని సిద్ర్ అంటారు గానీ ఆకు అదే, ముల్లు అదే, పండు అదే. కొమ్మలు మా గోడ మీదకి వాలి ఉన్నాయి. పళ్ళన్నీ నా కళ్ళ ముందే పిట్టల పాలవుతున్నాయి. ఎన్నాళ్ళని చూస్తాను? ఓ పొద్దున బట్టల హ్యాంగరు తీగని కొక్కెంలా వంచి, పాత చీర పీలికతో మంచు కర్ర కొసకి కట్టి, ఉతికే తొట్టె బోర్లించి దాని మీదకెక్కాను. నాలుగు కొమ్మలు దులిపేసరికి చెంగు నిండింది. అయిదో కొమ్మ లాగుతుంటే కిటికీలోంచి కేక వినపడింది. మేడం అంత గొంతు పెట్టి అరవగా నేనెప్పుడూ వినలేదు. తొట్టె మీంచి పడబోయి గోడ పట్టుకున్నాను.

ఆవిడ ఊతకర్ర పొడుచుకుంటూ పెరట్లోకి వచ్చింది. మొహం ఎర్రగా కందిపోయింది. నేను చెంగు విప్పి రేగుపళ్ళు చూపించాను. దోటిని చూపించాను. కొమ్మ ఎలా లాగాలో కూడా చేసి చూపించాను, ఆవిడకి ఆ విద్య తెలియదేమో అన్నట్టు. ఆవిడ కాసేపు నన్ను, కాసేపు ఆ హ్యాంగరు తీగని చూసింది. తర్వాత అక్కడే గట్టు మీద కూలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. ఊతకర్ర ముల్లుతో ఇసుకలో కొండ గీసింది. కొండ మీద మనిషిని, మనిషి కాళ్ళ కింద ఆ చెక్కల్ని, చేతుల్లో ఈ కర్రల్ని గీసింది. మంచు మీద జారడానికట. జారుతూ జారుతూ ఒక రోజు కింద పడి ఎడమ కాలు విరగ్గొట్టుకుందట. మనిషి బొమ్మని చెరిపేసి, అక్కడ ఒక అడ్డగీత పెట్టింది. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

తర్వాత ఆవిడ నా చేతిలోంచి దోటి తీసుకుంది. కూర్చున్న చోటినుంచే తీగ కొక్కేన్ని దూరంగా ఉన్న బకెట్టు చెవికి తగిలించి, బరబరా దగ్గరికి లాక్కుంది. మళ్ళీ నా చెప్పు ఒకటి లాక్కుంది. చిన్నపిల్లలా నన్ను చూసి తలెగరేసింది. అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. అది మేడం కోసం వచ్చిందని చెప్తే పచ్చి అబద్ధం. అది నా కోసమే వచ్చింది.

ఎందుకో చెప్తాను. మేడం ఎడమ మోకాలు వంగదు, చీలమండ నిలవదు. ఆ కాలికి పిక్క దాకా వచ్చే నల్ల తోలు బూటు ఉంది. రెండు పక్కలా ఇనప పట్టీలు, ముందువైపు కింది నుంచి పైదాకా జిప్పు, వెనక మడమ మీద పట్టుకుని లాగే తోలు చెవి. అది లేకుండా నాలుగడుగులు వేస్తే ఆవిడ పడిపోవడమే. కాలు వంగదు గనక చెయ్యి పాదం దాకా అందదు. అందుకని రోజూ తెల్లారగానే నేను ఆవిడ గదిలో నేల మీద కూర్చుని, పాదం ఒళ్ళో పెట్టుకుని, పౌడరు చల్లి, బూటు ఎక్కించి జిప్పు లాగేదాన్ని. మొదటి రోజు ఆవిడ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. నేను ముట్టుకోవడం ఇష్టం లేదేమో అనుకుని నాకు ఒళ్ళు మండింది. చెంపల మీద తడి చూశాక అర్థమైంది. ఆ రోజు నుంచీ బూటు వేస్తున్నంత సేపూ తెలుగులో వాగుతూనే ఉండేదాన్ని. "ఏవమ్మా మహారాణీ, వేళ్ళు ముడుచుకుంటే ఎలా ఎక్కుద్ది? చాపు. ఆఁ, ఇంకొంచెం." ఒక్క ముక్క అర్థం కాకపోయినా వేళ్ళు చాపేది. కొన్నాళ్ళకి "ఆఁ, ఇంకొంచెం" అని ఆవిడే అనేది.

నాకు ఆ పాదమంటే ప్రేమ పుట్టిన మాట నిజం. ఆ పాదమే నన్ను ఊరికి వెళ్ళనివ్వలేదన్న మాటా నిజమే. రెండేళ్ళు నిండితే రెండు నెలలు సెలవన్నది ఒప్పందం. రెండేళ్ళు నిండాయి. "నువ్వు వెళ్తే మేడం బూటు ఎవరు వేస్తారు? వేసవి అయ్యాక చూద్దాం" అన్నారు సారు. వేసవి అయింది. "కొత్త సంవత్సరం రానీ" అన్నారు. అదీ వచ్చింది. ఆఫీసు ముదీరు, అంటే మేనేజరు, అయితే ఒక ఉపాయం చెప్పాడట. ఈమె ఉద్యోగం ఖలాస్ చేసి పంపేద్దాం, కొత్త మనిషిని తెప్పిద్దాం అని. ఆ మాట విన్నప్పటి నుంచీ సెలవు అడగడానికి నోరు పెగల్లేదు.

పాపని పద్నాలుగో నెలలో మా అక్క ఒళ్ళో పెట్టి వచ్చాను. దాని తండ్రి సంగతి ఇక్కడ అనవసరం. ఇప్పుడు దానికి నాలుగో ఏడు. అక్కని అమ్మా అంటోందని మొదటి ఏడే తెలుసు, అది సహజమే, అక్కే కదా పెంచుతోంది. కానీ ఆ రేగుపళ్ళ రోజులకి కొంచెం ముందు ఒక ఉత్తరం వచ్చింది. "నీ ఫోటో చూపించి ఇదెవరే అంటే దుబాయి అంటోంది, అందరం నవ్వుకున్నాం" అని అక్క ముచ్చటగానే రాసింది. నేను మాత్రం వంటింటి తలుపు వేసుకుని కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఇంకో ఏడాది ఆగితే ఫోటోలో ఉన్నది మనిషని కూడా దానికి తెలియదనిపించింది. ఈ ఏడాది ఎలాగైనా వెళ్ళాలి, వెళ్ళి మళ్ళీ ఇదే ఉద్యోగానికి రావాలి. నాకు కావలసిందల్లా అదే.

బకెట్టుని లాగిన కొక్కెం బూటు చెవిని లాగలేదా? జిప్పు ఉంగరాన్ని లాగలేదా? ఆవిడే వేసుకోగలిగితే నన్ను ఆపడానికి సారుకి ఏం మిగులుతుంది?

సారు జీపు నడిపే డ్రైవరు కరీంనగర్ వైపు మనిషి. కరామాలో ఒక గదిలో ఎనిమిది మందితో ఉండేవాడు. సైటులో వర్కుషాపు వాళ్ళందరితో దోస్తీ. నేను అన్నయ్యా అనేదాన్ని, అతను చెల్లె అనేవాడు. నా మాట వినగానే నెత్తి కొట్టుకున్నాడు.

"నీ దిమాక్ గిట్ట ఖరాబైందా చెల్లె? వాళ్ళు మంచుల జారెటోళ్ళు. వాళ్ళ కట్టెకు నువ్వు కొక్కెం పెడుతవా?"

"పెట్టాలన్నయ్యా. మళ్ళీ ఊడి రావాలి కూడా. నడిచేప్పుడు ఉండకూడదు, బూటేసుకునేప్పుడు ఉండాలి."

"అంటే క్లిప్పు లెక్క గావాలె."

"ఆఁ, అదే. రేపటికి తెస్తావా?"

"రేపటికా? నేనేమన్న నీ ఇంట్ల జీతమున్ననా? జెర ఓపిక పట్టు."

ఓపిక పట్టాను. మొదటిసారి అతను తెచ్చింది ఇనప కడియానికి వెల్డింగు చేసిన పెద్ద కొక్కెం. బావిలో పడ్డ బిందె తీయడానికి పనికొస్తుంది. రెండోసారి తెచ్చినది రేడియేటరు గొట్టానికి బిగించే పట్టీ. పట్టు బాగుంది గానీ బిగించడానికి ప్రతిసారీ స్క్రూడ్రైవరు కావాలి. "మేడం బూటేసుకోవాలా, జీపు రిపేరు చెయ్యాలా?" అని అడిగాను. అతను రెండు వారాలు మొహం చాటేశాడు. మూడోసారి వచ్చి నా అరచేతిలో చిన్న వస్తువు పెట్టాడు. ఏ మెషీనులోంచి ఊడదీశాడో, ఒక స్ప్రింగు రేకు. రెండు వేళ్ళతో నొక్కితే నోరు తెరుస్తుంది, వదిలితే కర్రని కరుచుకుంటుంది. నున్నటి గొట్టం మీద తిరక్కుండా లోపల టైరు ట్యూబు ముక్క అంటించాడు. రేకుకి చిటికెనవేలంత కొక్కెం, దాని కొస గుండ్రంగా అరగదీసి ఉంది.

"మేడం కాలుకు గీసుకపోవద్దని అరగదీసిన" అన్నాడు.

"నువ్వు దేవుడివన్నయ్యా."

"ఇప్పుడు దేవుణ్ణయిన్నా? మొన్న ఏమన్నవ్?"

ఆ రోజు అతనికి రొయ్యల వేపుడు చేసి పెట్టాను.

క్లిప్పు చూసి మేడం సంబరపడింది. మొదటి గంట దాంతో ఇల్లంతా ఆడుకుంది. కర్టెన్లు లాగింది, మంచం కిందికి దొర్లిపోయిన పెన్ను తీసింది, రేడియో తీగ పట్టి లాగి రేడియోని కింద పడేసింది. బూటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆట అయిపోయింది. పాదం సగం దాకా తేలిగ్గా దిగేది. మడమ దగ్గర ఇరుక్కునేది. అక్కడ కొక్కేన్ని తోలు చెవికి తగిలించి పైకి లాగాలి, అదే సమయంలో కాలు కిందికి తొయ్యాలి. లాగితే తొయ్యడం మరిచేది, తోస్తే కొక్కెం జారేది. నేను ఎదురుగా కూర్చుని చేతులు వెనక్కి కట్టుకునేదాన్ని, లేకపోతే వాటంతటవే బూటు మీదకి వెళ్ళిపోతున్నాయి.

"లాగండి మేడం, లాగండి! అయ్యో రామా, అటు కాదు, ఇటు!"

"నువ్వు నోరు మూసుకుంటే నేను లాగుతాను" అనేది ఆవిడ.

ఇద్దరికీ కోపాలు ఎక్కువే. ఒక రోజు ఆవిడ కర్ర విసిరేసింది. నేను విసవిసా వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు ఎత్తి పడేశాను. కాసేపటికి బరబరా చప్పుడైంది. చూస్తే కుర్చీలో కూర్చునే కుర్చీతో సహా జరుగుతూ, కర్ర కోసం హాలంతా తిరుగుతోంది. కోపం ఎటు పోయిందో తెలియదు, ఇద్దరం ఒకేసారి నవ్వేశాం. మూడు వారాలకి బూటు ఎక్కడం మొదలైంది. కానీ నమ్మకం లేదు. ఒక రోజు పావుగంటలో ఎక్కేది, మర్నాడు గంట కుస్తీ పట్టినా మడమ దిగేది కాదు. దిగని రోజు నేనే వేసేదాన్ని.

ఉత్తరంలో దుబాయి అన్న మాట గురించి నేను ఆవిడకి చెప్పలేదు. డ్రైవరన్నయ్య చెప్పేశాడు. అతని నోట్లో నువ్వు గింజ నానదు. ఆ సాయంత్రం ఆవిడ నన్ను పిలిచి పాప ఫోటో తెమ్మంది. చాలాసేపు చూసింది. "నాలుగేళ్ళా?" అని అడిగి, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. ఆ గురువారం సారు రాగానే, బూటు తనే వేసుకుంటున్నాననీ, నన్ను ఊరికి పంపమనీ చెప్పింది. నేను వంటింట్లోంచి వింటున్నాను. తనే వేసుకుంటోందా? రోజు మార్చి రోజు కదా?

సారు చెడ్డవాడు కాదు, కానీ ఇంజనీరు. దేన్నైనా పరీక్ష పెట్టి చూడాల్సిందే. ఆయన ఒక షరతు పెట్టారు. శనివారం నుంచి గురువారం దాకా రోజూ పొద్దున్న ఆరింటికి సైటు నుంచి ఫోను చేస్తారు. ఫోను హాల్లో ఉంది. మేడం తన గదిలోంచి తనే బూటు వేసుకుని నడిచొచ్చి ఎత్తాలి. నేను చెయ్యి వెయ్యకూడదు. వారం గడిస్తే సెలవు ఇస్తారు, ఉద్యోగం అలాగే ఉంటుంది. ఒక్క రోజు తప్పినా ముదీరు చెప్పినట్టు కొత్త మనిషిని చూస్తారు. నా వైపు తిరిగి, "నువ్వు నాకు నిజం చెప్పాలి. నీ మాట నమ్ముతాను" అన్నారు. అలాగే సార్ అన్నాను.

శనివారం సారు చీకటితోనే సైటుకి వెళ్ళిపోయారు. అయిదున్నరకే నేను హాల్లో నిలబడ్డాను. మేడం గది తలుపు వేసి ఉంది. రావద్దని ముందే చెప్పింది. ఆరు కొట్టింది. ఫోను మోగింది. తలుపు తెరుచుకుంది. మేడం బూటుతో, తిన్నగా, ఏమీ జరగనట్టు నడిచొచ్చి ఫోను ఎత్తింది. ఆదివారమూ అంతే. సోమవారమూ అంతే. నేను గాల్లో తేలిపోయాను. మంత్రం దొరికిందన్నయ్యా మా మేడానికి, రోజూ గడియారంలా కుదురుతోంది అని డ్రైవరన్నయ్యకి గొప్పలు చెప్పాను. గురువారం సారు వచ్చి, నా కళ్ళలోకి చూసి, "నువ్వు చెయ్యి వేశావా?" అని అడిగారు.

"లేదు సార్. ఒట్టు. నేను చెయ్యి వెయ్యలేదు."

అది నిజమే. ఆ సాయంత్రమే శనివారం విమానానికి టిక్కెట్టు వచ్చింది. పాస్‌పోర్టు నా చేతిలో పెట్టారు.

శుక్రవారం దుప్పట్లు ఉతికే రోజు. పొద్దున్నే మేడం మంచం మీది దుప్పటి లాగి పెరట్లోకి తెచ్చాను. నానబెడదామని దులిపితే, ఎడమ పక్కన, కాళ్ళ వైపు నల్లటి మరకలు కనిపించాయి. ఒకటి రెండు కాదు, జానెడు మేర అంతా. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. బూటు పాలిష్ వాసన. ఆవిడ కాలికి ఉండగానే ఆ బూటుకి రోజూ సాయంత్రం పాలిష్ పట్టేది నేనే.

నాకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. మంత్రమూ లేదు, గడియారమూ లేదు. వారం రోజులూ ఆవిడ బూటు విప్పకుండానే పడుకుంది. పొద్దున్న కుదురుతుందో కుదరదో అని, ఆ ఇనప పట్టీలతోనే పడుకుని, ఆరింటికి లేచి నడిచొచ్చింది.

దుప్పటి పట్టుకుని పెరట్లో నిలబడ్డాను. లోపల సారు కాఫీ తాగుతున్నారు. పది అడుగుల దూరం. వెళ్ళి చెప్పచ్చు. చెప్తే టిక్కెట్టు వెనక్కి వెళ్తుంది, కొత్త మనిషి వస్తుంది. చెప్పకపోతే రెండు నెలలు ఆవిడ ఒంటరిగా, ఈ మొండి బూటుతో. పడితే ఎత్తేవాళ్ళు లేరు. డ్రైవరు రోజు మార్చి రోజు రొట్టె, కూరగాయలు తెచ్చి ఇవ్వాలి, సారు రోజూ ఆరింటికి ఫోను చెయ్యాలి, ఏర్పాటు అంతే. నా మేడం మీద నాకు ప్రేమ లేదా అంటే ఉంది. కానీ ఫోటోని చూసి దుబాయి అనే పిల్ల కళ్ళ ముందు నిలబడింది. నేను తొట్టెలో నీళ్ళు పోశాను. సబ్బు రాశాను. చేతులు ఎర్రగా అయ్యేదాకా ఆ మరకలు పోగొట్టాను. తెలిసే వెళ్ళాను. దాన్ని ఇంకో రకంగా చెప్పుకోవడం నాకు చేతకాదు.

ఊళ్ళో మొదటి రోజు పాప అక్క వెనక దాక్కుంది. వీధిలోకి పరిగెత్తి "దుబాయి వచ్చింది, దుబాయి వచ్చింది" అని అందరికీ చెప్పి వచ్చింది. నేను కొన్న గౌను తొడుక్కుంది గానీ నా పక్కలోకి రాలేదు. రోజూ తలుపు చప్పుడైతే టెలిగ్రాం ఏమో అని ఉలిక్కిపడేదాన్ని. ఒక్క పొద్దున ఆ ఫోను ఎవరూ ఎత్తకపోతే చాలు, వెంటనే రమ్మని వస్తుంది. అది రాలేదు. పదహారో రోజున అక్క సంతకి వెళ్ళింది. నేను పాపకి జడ వేస్తున్నాను. చిక్కు దగ్గర దువ్వెన గట్టిగా లాగినట్టున్నాను. "అమ్మా, నొప్పి!" అని ఏడ్చింది. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. నన్నే అంది. ఆ రాత్రి నా పక్కలోనే పడుకుంది.

రెండు నెలలూ పూర్తిగా ఉండి తిరిగొచ్చాను. మేడమే తలుపు తీసింది, బూటుతో, ఒక చేత్తో మంచు కర్ర పట్టుకుని. సంచీ దించకముందే నన్ను గదిలోకి లాక్కెళ్ళి కుర్చీలో కూర్చుంది. కొక్కెంతో బూటు విప్పింది. మళ్ళీ వేసుకుని చూపించింది. బూటుని గోడకి ఆనించి, వీపు వెనక్కి వాల్చి, చెవిని కొక్కెంతో పట్టి ఒక్క ఊపు ఊపితే మడమ దానంతట అదే దిగింది. జిప్పు సర్రున పైకి వచ్చింది. "ఆఁ, ఇంకొంచెం" అంది నన్ను వెక్కిరిస్తూ. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఎప్పుడు కుదిరింది మేడం?"

"నువ్వు వెళ్ళిన ఇరవయ్యో రోజు."

"మరి అందాకా?"

ఆవిడ కిటికీ వైపు చూసింది. నేను నేల మీద కూర్చుని, వద్దంటున్నా వినకుండా బూటు విప్పాను. చీలమండకి రెండు పక్కలా, ఇనప పట్టీలు ఒరుసుకున్న చోట నల్లగా మచ్చలు కట్టి ఉన్నాయి. పుండ్లు పడి మానిన మచ్చలు. ఇరవై రాత్రులు. నా పదహారో రోజు వాటిలోనే ఉంది.

"పాప నీ దగ్గరికి వచ్చిందా?" అని అడిగింది.

"వచ్చింది మేడం. అమ్మా అంది."

ఆవిడ మొహం విచ్చుకుంది. ఇంక నావల్ల కాలేదు. "నాకు ముందే తెలుసు మేడం" అన్నాను. "దుప్పటి మీద పాలిష్ చూశాను. సారుకి చెప్పలేదు. ఉతికేసి వెళ్ళిపోయాను."

"తెలుసు" అంది ఆవిడ. "ఆ వారం దుప్పటి ఎంత తెల్లగా వచ్చిందో! నువ్వు ఎప్పుడూ అంత బాగా ఉతకలేదు."

నేను ఆ పాదం ఒళ్ళో పెట్టుకుని బావురుమన్నాను.